మూడు గీతల పెట్టెలు

ఉదయం పదకొండు గంటల ఐదు నిమిషాలకు శేషగిరిరావు ప్యాకింగ్ షెడ్డులోకి ఒక సైకిలు దూసుకొచ్చింది.

బ్రేకు పడలేదు. వరిగడ్డి కుప్పకు గుద్దుకుని ఆగింది. దాని మీద నుంచి దిగిన అమ్మాయి స్టాండు వేయడం కూడా మరిచిపోయి, మామిడికాయల రాశుల మధ్య నుంచి నేరుగా అతని ముందుకొచ్చి నిలబడింది.

"నా రిజిస్టరేదండీ?"

శేషగిరి చేతిలో బంగినపల్లి కాయ ఉంది. ఆ అమ్మాయి ముఖం చూసి, ఎందుకైనా మంచిదని కాయను జాగ్రత్తగా కింద పెట్టాడు.

ఆమె ఎవరో నూజివీడు నుంచి ఆగిరిపల్లి దాకా అందరికీ తెలుసు. పేరు ప్రమీలారాణి. ఆగిరిపల్లి శాఖా గ్రంథాలయానికి ఆరు నెలల కిందట వచ్చిన లైబ్రేరియన్. సైకిలు క్యారియర్ మీద పుస్తకాలు కట్టుకుని తోటల వెంట తిరుగుతుంది. మార్చిలో ఒకసారి ఈ షెడ్డుకు కూడా వచ్చింది. 'పనివేళలో కథలు చెప్పించుకునే తీరిక మావాళ్ళకి లేదండీ' అని శేషగిరి గేటు దగ్గర నుంచే పంపించేశాడు. ఆమె మళ్ళీ గేటు దాటి రాలేదు. ఇదిగో, ఇవాళ వచ్చింది.

"ఏ రిజిస్టరండీ?"

"నిన్న మా లైబ్రరీలో పాత పేపర్లు వేలంలో పాడుకున్నారా, లేదా?"

"పాడుకున్నాను. కాయల పెట్టెల్లోకి ప్రతి ఏడూ పాడుకుంటాను."

"కట్టలు మోసుకెళ్ళిందెవరు?"

"నేనే. మీ దగ్గర అటెండరు లేడుగా."

"ఆ కట్టల పక్కన, పేపరుతో అట్ట వేసిన పుస్తకం ఒకటి ఉంది. అది రిజిస్టరు."

శేషగిరికి గుర్తొచ్చింది. లావుపాటి కట్ట ఒకటి విడిగా ఉంటే, పాపం ఆ అమ్మాయి మోయలేదులే అని తనే చంకన పెట్టుకొచ్చాడు. సహాయం చేశానని నిన్నంతా మనసులో మురిసిపోయాడు కూడా.

"రిజిస్టరుకి పేపరు అట్ట వేస్తారా ఎవరైనా, అయిదో క్లాసు పిల్లల్లాగా?"

"పైన పేపరు కనపడితే లోపలేముందో తెరిచి చూడరా ఎవరైనా, బీకాం చదువుకున్నవాళ్ళు?"

కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. శేషగిరి చెవులు ఎర్రబడ్డాయి.

"అసలు అందులో ఏముందండీ, ఇంత గాభరా?"

ప్రమీలారాణి గొంతు తగ్గింది. అరిచినప్పటికంటే అలా తగ్గినప్పుడే అతనికి భయం వేసింది.

"సాయంత్రం నాలుగింటికి జిల్లా ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్షన్. రోజుకి పదిమంది కూడా వచ్చి కూర్చోవడం లేదు, ఈ శాఖ దండగ, మూసేస్తామంటున్నారు. వచ్చి కూర్చోలేనివాళ్ళు ఎంతమంది ఉన్నారో, వాళ్ళకేం తెలుసుకోవాలని ఉందో ఆర్నెల్లు ఊరూరా తిరిగి రాశాను. తోటల్లో కావలివాళ్ళు, లారీ డ్రైవర్లు, తండాల్లో అమ్మాయిలు, అందరివీ. అది చూపిస్తే లైబ్రరీ ఉంటుంది. లేదంటే దానికి తాళం. నాకు నాగాయలంక ట్రాన్స్‌ఫరు."

నాగాయలంక అంటే జిల్లాకు ఆ చివర. దాని తర్వాత సముద్రమే.

"అయ్యగారూ..." వెనక నుంచి ఒక గొంతు. రిబ్కమ్మ. షెడ్డులో అందరికంటే మంచి చేయి ఆమెది. ఆమె కట్టిన పెట్టెలో కాయ కదలదు. "మందంగా, తెల్లగా ఉన్న కాయితమా అండీ?"

ఇద్దరూ ఒకేసారి తిరిగారు.

"పేపరుకన్నా అదే బావుందని మంచి కాయలకి వేశానండి."

"చింపేశావా రిబ్కమ్మా?"

"చింపలేదమ్మా. దారం తెంపి, ఒక్కోటీ విడదీసి అడుక్కి పరిచాను."

"అందులో నీ పేజీ కూడా ఉంది కదే!"

"మా పిల్ల కాన్పు సంగతి రాసుకున్నారే, అదా? నా చేత్తో నేనే మామిడికాయ కింద పెట్టానా?" రిబ్కమ్మ నోటి మీద కొట్టుకుంది. వెంటనే తేరుకుంది. "నా పెట్టెల మీద గుర్తుంటదమ్మా! బొగ్గుతో మూడు గీతలు!"

ఆ షెడ్డులో అది పద్ధతి. ఎవరు కట్టిన పెట్టె మీద వాళ్ళు గుర్తు పెట్టాలి. బజారులో కాయ నలిగి కనపడితే అది ఎవరి చేతి పనో తెలియాలి. ఒకరిది సున్నా, ఒకరిది ఇంటూ మార్కు, రిబ్కమ్మది మూడు గీతలు.

"ఎన్ని పెట్టెలు?" అన్నాడు శేషగిరి.

"ఇరవై ఆరండి. పొద్దున లారీలో అన్నీ ఎక్కేశాయి."

"లారీ ఎక్కడికి వెళ్ళింది?" అంది ప్రమీలారాణి.

శేషగిరి బండి తాళం కోసం జేబు తడిమాడు. "కలకత్తా."

*

పదకొండూ పదికి శేషగిరి రాజ్‌దూత్ మోటారుసైకిలు స్టార్ట్ అయింది.

"లారీ పదింటికి బయల్దేరింది. డ్రైవరు యలమంద హనుమాన్ జంక్షన్‌లో భోజనం చేయకుండా ముందుకు వెళ్ళడు. పన్నెండు దాటితే మాత్రం ఏలూరులో కూడా ఆగడు. ఎక్కండి!"

ప్రమీలారాణి బండి వైపు చూసింది. అతని వైపు చూసింది. షెడ్డు గుమ్మంలో నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తున్న ఇరవైమంది ఆడవాళ్ళ వైపు చూసింది. ఒక పక్కకు తిరిగి కూర్చుని, తన పుస్తకాల సంచిని ఇద్దరి మధ్యా గోడలా నిలబెట్టింది.

"ఇదెందుకండీ?"

"బ్యాలెన్సుకి. పోనివ్వండి."

నూజివీడు బస్టాండు దగ్గర ఎర్రబస్సు అడ్డం. శేషగిరి సందులోకి తిప్పాడు. సందులో ఎద్దుబండి. ఎద్దుల పక్క నుంచి దూరి పోయాడు. మెయిన్ రోడ్డు ఎక్కేసరికి ఆకాశం నల్లగా దిగిపోయింది.

"కొంచెం నెమ్మదిగా!"

"నెమ్మదిగా వెళ్తే నాగాయలంక వస్తుంది!"

"అయితే స్పీడుగానే వెళ్ళండి!"

గతుకొచ్చిన ప్రతిసారీ పుస్తకాల సంచి వెళ్ళి శేషగిరి వీపుకు గట్టిగా తగులుతోంది. లావుపాటి పుస్తకం మూల ఒకటి సరిగ్గా వెన్నెముక మీదే గుచ్చుకుంటోంది. ఈ దెబ్బలకు తను అర్హుడే అనుకున్నాడు.

పదకొండూ యాభై రెండు. హనుమాన్ జంక్షన్. రోడ్డుకు రెండు పక్కలా లారీలు. మెస్ ముందు, నీలం టార్పాలిన్ కప్పిన లారీ ఇంజను అప్పుడే గుర్రుమంటోంది.

శేషగిరి బండిని తీసుకెళ్ళి సరిగ్గా దాని మూతి ముందు ఆపాడు.

"అయ్యగారూ, చావాలనుందా?" యలమంద కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. నోట్లో కిళ్ళీ.

"టార్పాలిన్ విప్పు! పెట్టెలు దింపాలి!"

"ఏంటండీ, తమాషానా? రెండొందల పెట్టెలు. కట్టిన తాడు విప్పితే మళ్ళీ కట్టడానికి గంట. వాన చూస్తే మీద పడేలా ఉంది. నేను విప్పను."

శేషగిరి కేకలు వేయబోయాడు. ప్రమీలారాణి ముందుకొచ్చింది.

"యలమందా, నా రిజిస్టరు ఆ పెట్టెల్లో ఉంది. పందొమ్మిదో పేజీ నీది."

యలమంద కిళ్ళీ నమలడం ఆపేశాడు.

"నాదా? ఆ రోజు తోట గేటు కాడ రాసుకున్నదా?" శేషగిరి వైపు తిరిగాడు. "బరంపురం దాటితే బోర్డులన్నీ జిలేబీ చుట్టల్లా ఉంటాయండీ. తర్వాత బెంగాలీవోళ్ళ అక్షరాలు. ఏ ఊరొచ్చిందో అడగడానికి మాట రాదు, చదవడానికి అక్షరం రాదు. పోయినేడు అరవై మైళ్ళు తప్పు దారిలో పోయాను. ఆ అక్షరాలు నేర్పే పుస్తకం తెప్పిస్తానందండీ ఈ అమ్మ." అంటూనే కిందికి దూకాడు. తాడు ముడి అప్పటికే అతని చేతిలో విడిపోతోంది.

తాడు విడిపోయేసరికి వాన మొదలైంది.

*

లారీ లోపల, ఎత్తిన టార్పాలిన్ కింద, పెట్టెల మధ్య ఇద్దరు మనుషులు మోకాళ్ళ మీద కూర్చోవడానికి మాత్రమే చోటుంది. ఈసారి మధ్యలో పెట్టడానికి సంచి కూడా లేదు. అది బండి మీద తడుస్తోంది.

యలమంద మూడు గీతల పెట్టెల్ని వెతికి అందిస్తున్నాడు. శేషగిరి మేకులు లేపి, కాయలు తీసి, అడుగునున్న కాగితం లాగి ఇస్తున్నాడు. మళ్ళీ గడ్డి సర్ది, కాయల్ని తొడిమలు కిందికి వచ్చేలా వరసగా పేర్చి, మూత బిగిస్తున్నాడు. అతని చేతులు ఎంత వేగంగా కదులుతున్నాయో, కాయను అంత మెత్తగా పట్టుకుంటున్నాయి.

ప్రమీలారాణి చూస్తోంది. అతను తలెత్తాడు. ఆమె గబుక్కున కాగితం వైపు చూసింది.

"తలకిందులుగా పట్టుకున్నారు," అన్నాడు.

"సొన ఎక్కడ అంటిందో చూస్తున్నాను," అంది.

మొదటి కాగితం పైకి చదివాడు శేషగిరి. "'కోళ్ళకు కొక్కెర తెగులు వస్తే ఏం చేయాలి...' అడిగింది..."

"పేర్లు చదవకండి! ఎవరేం అడిగారో బయటికి చెప్పనని మాటిచ్చాను."

పేర్లు వదిలేసి చదవసాగాడు. బ్యాంకు పరీక్ష రాయాలని తండా నుంచి ఒక అమ్మాయి. కళ్ళు మసకబారకముందు ఉర్దూ పేపరు రోజూ చదువుకోవాలని ఒక దర్జీ. పాస్‌పుస్తకంలో తన పొలం ఎందుకు తగ్గిందో తెలుసుకోవాలని ఒక చిన్న రైతు. పూత మీద తేనెమంచు పురుగుకు ఏ మందు ఎంత కలపాలో, కలిపేవాడి చేతికి ఏం తొడగాలో తెలుసుకోవాలని ఒక కూలీ.

శేషగిరి ఆగాడు. "ఈ మందు కలిపేవాడు మావాడేనా?"

"పేరు చెప్పనన్నానుగా."

"చేతికి తొడుగు కావాలని నాతో చెప్పొచ్చుగా!"

"మీరు గేటు దగ్గరే పంపించేస్తారుగా!"

అతను ఇంకో పెట్టె మూత లేపాడు.

"ఇంత ఆలస్యమైతే మీ కాయలు కలకత్తాలో ఏమవుతాయి?" అంది ఆమె కాసేపటికి.

"పండుతాయి. పండితే తింటారు. మీరు కంగారుపడకండి."

రాసి ఉన్న ముప్పై నాలుగు కాగితాల్లో ముప్పై ఒకటి చేతికొచ్చాయి. రెండవుతోంది. అందినవాటిలో చివరి పెట్టె; అడుగు వరసలో ఇరుక్కున్న రెండు పెట్టెలు బయటికి రాలేదు. శేషగిరి కాగితం లాగాడు. ప్రమీలారాణి దాన్ని చూడగానే చేయి చాపింది.

"అది ఇటివ్వండి. చదవకండి."

కానీ అతను పేరు చూసేశాడు. కాగితం పట్టుకుని లారీ దిగి వానలోకి వెళ్ళి నిలబడ్డాడు. దాన్ని చొక్కా అంచు కింద పెట్టుకుని, ఒక్కో మాటా చదివాడు.

'సుబ్బరత్నమ్మ గారు, యాభై రెండేళ్ళు. పెద్ద అక్షరాల పుస్తకాలు కావాలి. బస్సు మీద బోర్డు చదవాలి. ఎవరినీ అడక్కుండా బెజవాడ వెళ్ళి రావాలి. మావాడికి చెప్పొద్దు, నవ్వుతాడు.'

అది తన తల్లి పేరు.

లారీలు హారన్లు కొట్టుకుంటూ పక్క నుంచి పోతున్నాయి. అతను కదలలేదు.

ప్రమీలారాణి దిగి వచ్చి టార్పాలిన్ కొస ఒకటి అతని తల మీదికి లాగింది. "ఆవిడకి మాటిచ్చాను. నిలబెట్టుకోలేకపోయాను."

"నవ్వుతానని ఎందుకనుకుందండీ?" అన్నాడతను. "ఆ మధ్య ఏలూరు బస్సు ఎక్కబోయి గుడివాడ బస్సు ఎక్కిందట. ఇంటికొచ్చి చెప్పింది. నేను... నవ్వాను."

ఆమె అతని చేతిలోంచి కాగితం తీసుకుంది. మిగిలినవాటి మధ్యలో భద్రంగా పెట్టింది.

*

ఆగిరిపల్లి లైబ్రరీ మెట్ల ముందు రాజ్‌దూత్ ఆగేసరికి నాలుగుకు మూడు నిమిషాలు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన వెంకటాచలపతి గారు మూడున్నరకే వచ్చి కూర్చున్నారు.

"నలుగురు," అన్నారాయన, కళ్ళజోడు సర్దుకుంటూ. "అందులో ఒకాయన నిద్రపోతున్నాడు. దయతలిచి ఆయన్ని కూడా లెక్కలో వేశాను."

ప్రమీలారాణి బల్ల మీద, పేర్లు కనపడకుండా అంచులు మడిచిన కాగితాల కట్ట పెట్టింది. జుట్టులో వరిగడ్డి. చీర కొంగు మీద సొన మరకలు. గదంతా మామిడికాయల వాసన.

"ఇదేంటమ్మా?"

"మా పాఠకులండీ. ముప్పై రెండు పేజీలు. రెండు పేజీలు దొరకలేదు."

"దొరకలేదంటే? ఎక్కడున్నాయి?"

"కలకత్తా వెళ్తున్నాయండీ," అన్నాడు శేషగిరి. "తప్పు నాది."

వెంకటాచలపతి గారు అతన్ని పైనుంచి కిందిదాకా చూశారు. కట్టను రెండు వేళ్ళతో దగ్గరికి లాక్కున్నారు. "లైబ్రరీకి వచ్చి కూర్చుంటేనే పాఠకుడమ్మా. రూల్స్ అవే చెబుతున్నాయి. తోటల్లో ఉన్నవాళ్ళని..." అంటూ ఒక పేజీ తిప్పారు. ఇంకోటి తిప్పారు. మూడో పేజీ దగ్గర చేయి ఆగిపోయింది.

గదిలో నిద్రపోతున్నాయన గురక తప్ప ఏమీ వినపడలేదు.

"'చక్కెర జబ్బున్నవాళ్ళు చిన్నరసం మామిడిపళ్ళు తినొచ్చా? తింటే ఎన్ని?'" నెమ్మదిగా చదివారాయన. "ఇది అడిగిందెవరు?"

"పేరు చెప్పకూడదండీ. పదకొండుమంది అడిగారు."

"పదకొండుమందా!" ఆయన ముందుకు వంగారు. "మరి... ఏం తేలింది?"

"ఇక్కడ ఆ పుస్తకం లేదండీ. బెజవాడ లైబ్రరీలో డాక్టరుగారు రాసింది ఉంది. ఆ పదకొండుమందీ కూలికి వెళ్తేగానీ గడవనివాళ్ళు. బెజవాడ వెళ్ళి కూర్చుని చదవలేరు. పుస్తకమే వాళ్ళ దగ్గరికి రావాలి."

వెంకటాచలపతి గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు.

"ఎనిమిదేళ్ళయిందమ్మా," అన్నారు చివరికి. "ఎనిమిది వేసవులు. రసం ముట్టలేదు. మొత్తం జిల్లాలో లైబ్రరీలన్నీ నా చేతిలోనే ఉన్నాయి. ఏ ఒక్కదాంట్లోనూ ఈ ప్రశ్న అడగాలని నాకు తోచలేదు."

కాగితాలన్నీ మొదటి నుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టారు. ఇరవై నిమిషాలు. ప్రమీలారాణి కొంగు మెలితిప్పుతూ నిలబడింది.

"మూసేయమని రాయను," అన్నారాయన తలెత్తి. "ఏడాది గడువు ఇమ్మని రాస్తాను. తోటల దగ్గర ఎవరైనా చోటిస్తే పుస్తకాల పెట్టె ఒకటి అక్కడ పెట్టించొచ్చు. ఊరికే ఇచ్చే చోటు ఉందా?"

"మా షెడ్డు!" శేషగిరి దాదాపు అరిచాడు. నిద్రపోతున్నాయన లేచి కూర్చున్నాడు.

"పనివేళలో కథలు చెప్పించుకునే తీరిక..." అంది ప్రమీలారాణి, నేల చూపులు చూస్తూ.

"రోజూ ఒక గంట. నేను కూడా వింటాను. చాలా?"

సరిగ్గా అప్పుడు గుమ్మంలో కొబ్బరికాయ బుట్టతో ఒకావిడ నిలబడింది. కొడుకును చూసింది. బుట్టను చటుక్కున వెనక్కి దాచుకుంది. దాచుకోవడంలో బుట్టలోంచి పలక జారి ఠప్పున కింద పడింది.

"గురువారం గురువారం కొండ మీద గుడికని వెళ్తున్నావు కదమ్మా?" అన్నాడు శేషగిరి.

"నువ్వు షెడ్డులో ఉండాలి కదరా?" అంది సుబ్బరత్నమ్మ.

శేషగిరి వంగి పలక తీసి, చొక్కాతో తుడిచి తల్లి చేతికిచ్చాడు.

"నవ్వనమ్మా," అన్నాడు. అంతే అనగలిగాడు.

ఆవిడ కొడుకు ముఖంలోకి చూసింది. ఏం జరిగిందో అర్థం కాలేదు గానీ, ఏదో జరిగిందని తెలిసింది. కొంగుతో అతని తల తుడిచింది. "తడిసిపోయావేంట్రా!"

"షెడ్డు ఇస్తున్నట్టు కాగితం రాయాలి," అన్నారు వెంకటాచలపతి గారు గొంతు సవరించుకుని. "ఇంటి పెద్దలు సాక్షి సంతకం పెట్టాలి. అమ్మగారూ, వేలిముద్రయినా సరే."

"వేలిముద్ర ఎందుకండీ?" అంది సుబ్బరత్నమ్మ.

పెన్ను తీసుకుంది. ఒక్కో అక్షరానికీ ఒక్కో శ్వాస. ఇన్‌స్పెక్టరు గారితో సహా గదిలో అందరూ ఆ పెన్ను వంకే చూశారు. సంతకం పూర్తయ్యాక, నిద్రలేచినాయన చప్పట్లు కొట్టాడు.

*

ఐదున్నర బస్సుకు వెంకటాచలపతి గారు వెళ్ళిపోయారు. వాన వెలిసింది. సుబ్బరత్నమ్మ లోపల పలక ముందు పెట్టుకుని కూర్చుంది. వాళ్ళిద్దరూ బయట మెట్ల మీద నిలబడ్డారు.

"నాగాయలంక తప్పింది," అంది ప్రమీలారాణి.

"తప్పకపోతే ఏం చేసేవాణ్ణో తెలుసా? అక్కడ మామిడితోట వేసేవాణ్ణి."

"అది ఉప్పు నేల. మామిడి బతకదు."

"మామిడి బతక్కపోతే పోనివ్వండి. నేను బతకాలి కదా." అనేశాక తనే బిత్తరపోయాడు. ఇక ఆగి లాభం లేదనుకున్నాడు. "మీరంటే నాకిష్టమండీ. పొద్దున పదకొండింటికి లేదు. తర్వాత ఎప్పుడొచ్చిందో తెలియదు."

ఆమె మెట్టు మీద నీళ్ళను చెప్పుతో నెట్టింది. "నాకు తెలుసు."

"నాకెప్పుడొచ్చిందో మీకెలా తెలుస్తుంది?"

"మీ సంగతి కాదు. నా సంగతి." ఆమె బుగ్గలకు వచ్చిన రంగు షెడ్డులో ఏ కాయకూ రాదు. "రెండింటికి. ఆ కాగితం పట్టుకుని వానలో నిలబడిపోయారు చూడండి. అప్పుడు."

శేషగిరి నోరు తెరిచాడు.

"నాకు వినపడుతోంది!" లోపల నుంచి సుబ్బరత్నమ్మ కేక. "అక్షరాలే కొత్త గానీ, నా చెవులు బాగానే ఉన్నాయి. ఇద్దరూ లోపలికి రండి."

తప్పుచేసిన పిల్లల్లా వెళ్ళి నిలబడ్డారు.

"అమ్మాయ్, మీ నాన్నగారు తెనాలిలో మాస్టారన్నావు కదూ? ఆయనకి ఉత్తరం రాయాలి. ఇన్నాళ్ళూ నా ఉత్తరాలన్నీ వీడే రాసేవాడు. ఈ ఉత్తరం వీడు రాస్తే బావుండదు."

"పోనీ, నన్ను రాయమంటారా?"

"నువ్వు రాస్తే అసలు బావుండదు." ఆవిడ పలక తుడిచి, బలపం చేతిలోకి తీసుకుంది. "ముందు పలక మీద నేను రాస్తాను. తప్పులుంటే నువ్వు దిద్దు. తర్వాత కాగితం మీద ఎక్కిస్తాను. మాస్టారికి ఉత్తరం కదా, తప్పుల్లేకుండా వెళ్ళాలి. మొదట ఏం రాస్తారు?"

"ఇక్కడ అందరం క్షేమం అని రాస్తారు," అన్నాడు శేషగిరి.

"ఆ 'క్ష' ఇంకా నేర్పలేదే నాకు!"

"ఇప్పుడు నేర్పుతానత్తయ్యా," అంది ప్రమీలారాణి, ఆవిడ చేయి పట్టుకుంటూ.

ఆ పిలుపు నోటి నుంచి జారిపోయాక గానీ ఆమెకే తెలియలేదు. ముగ్గురిలో ఎవరూ దాన్ని దిద్దలేదు.